మేకు మీద పిన్నులు

ఆ పొద్దున గొడవంతా ఒక జడపిన్ను గురించి.

మామూలు పిన్నయితే గొడవే ఉండేది కాదు. ఇది లావుపాటి ఉక్కుతీగతో చేసిన రెండు కాళ్ల పిన్ను. ఎన్నిసార్లు ముడిలో గుచ్చినా వంగదు, జారదు. వాటిని అమ్మిన కొట్టు ఎప్పుడో మూతపడింది కాబట్టి ఆడపడుచు వాటిని నగల్లా దాచుకునేది. పనికి వెళ్లే తొందరలో అద్దం ముందు నిలబడి, ఒక పిన్నును పళ్ల మధ్య పట్టుకుని, రెండోది ఏదని అలాగే అడిగింది. అడిగి తీసుకోవడం తెలిసిన వదినకు తిరిగి ఇవ్వడం కూడా తెలిసుండాలి కదా అంది.

కోడలు వంటగదిలోంచే జవాబు చెప్పింది. నిన్న సాయంత్రం మీ అన్నయ్య ఏదో పనికి కావాలంటే ముడిలోంచి తీసి ఇచ్చానని, షెడ్డులోనే ఉంటుందని, తెచ్చి ఇస్తానని.

"అన్నయ్యకెందుకు వదినా జడపిన్ను? ఉన్న నాలుగు వెంట్రుకలూ ముడి వేసుకుంటున్నాడా?" అంది ఆడపడుచు. నవ్వింది గానీ ఆ నవ్వులో కారం తగ్గలేదు.

బల్ల దగ్గర టీ తాగుతున్న మామగారు తలెత్తి ఒకసారి కూతురి ముఖం, ఒకసారి వంటగది గుమ్మం చూశారు. అత్తగారు వెంటనే అందుకుంది.

"అమ్మాయ్, ఆ గొణుగుడు మాని కాస్త గట్టిగా చెప్పు. మామగారికి నీ మాట ఒక్కటీ అందటం లేదు."

కోడలు చేతులు తుడుచుకుంటూ బల్ల దగ్గరికి వచ్చి అంతా మళ్లీ చెప్పింది. ఆయన తల ఊపారు. గ్లాసు కింద పెట్టి, గోడకున్న పని చొక్కా భుజాన వేసుకుని షెడ్డులోకి వెళ్లిపోయారు.

"నూతిలోంచి వచ్చినట్టుంటుంది నీ గొంతు," అంది అత్తగారు గ్లాసులు తీస్తూ.

ఈ మాట కోడలికి కొత్త కాదు. ఏడాదిగా వింటూనే ఉంది. ఇంటికి వచ్చిపోయే చుట్టాలు కూడా నేర్చుకున్నారు. కొన్నాళ్లు స్నానాల గదిలో తలుపు వేసుకుని, బకెట్టుతో గట్టిగా మాట్లాడటం సాధన చేసింది. మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుంటున్నారా అని పక్కింటావిడ అడిగాక ఆ సాధన మానేసింది. ఆమెకు అంతుపట్టనిది ఒక్కటే. ఈ ఇంటికి వచ్చిన కొత్తలోనూ ఇదే గొంతుతో మాట్లాడింది. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు.

గిన్నెలు కడిగి, పిన్ను కోసం షెడ్డులోకి వెళ్లింది. ఇంటి వెనక తలుపు తీస్తే కార్లు బాగుచేసే షెడ్డే. వాసనలోనే తేడా తెలుస్తుంది. గుమ్మానికి ఇటు పోపు, అటు కిరోసిను. లోపలి స్థలమంతా ఒకే కారు ఆక్రమించుకుని ఉంది. పాతకాలపు ఖరీదైన కారు. పొడుగాటి ముక్కు, బరువైన తలుపులు, లోపల తోలు సీట్లు, మెరుగు తగ్గిన చెక్క పలకలు. డాక్టరమ్మకు వాళ్ల నాన్న నుంచి వచ్చిన కారు. పొద్దున్నే స్టార్టు చేస్తే డబ్బాలో గింజలు వేసి ఊపినట్టు చప్పుడొస్తోందని తెచ్చింది. ఇంజనులో కింది ఇరుసును, పై ఇరుసులను కలిపి తిప్పే చైన్లు సాగిపోయాయి. వాటిని దారిలో పెట్టే ప్లాస్టిక్ గైడులు పెళుసెక్కి, వేలితో నొక్కితే విరిగేలా తయారయ్యాయి. చైన్లను బిగువుగా పట్టి ఉంచే మూడు టెన్షనర్లూ నీరసించాయి. మామగారూ, కొడుకూ కలిసి ముందు భాగమంతా విప్పి అన్నీ కొత్తవి వేశారు.

విప్పినప్పుడు ఆమె భర్త లైటు పట్టుకోమని ఆమెను పిలిచి, చైను పళ్లచక్రం మీద ఎలా కూర్చుంటుందో చూపించాడు. చైను వదులై ఒక్క పన్ను జారిందంటే పైనున్న వాల్వులూ కింది పిస్టన్లూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయట. ఇంజను ఉన్నచోటే చచ్చిపోతుంది. స్టీరింగు రాయిలా బిగుస్తుంది, బ్రేకు గట్టిపడుతుంది. తిన్నని రోడ్డు మీదయితే పక్కకు తీయొచ్చు. డాక్టరమ్మ రోజూ వెళ్లేది కొండ మీది ఆస్పత్రికి.

టెన్షనరంటే బొటనవేలంత ఉక్కు గొట్టం. లోపలి కడ్డీని స్ప్రింగుతో సహా అదిమి, బయటికి రాకుండా ఒక సన్నని పిన్ను గుచ్చి అమ్ముతారు. ఇంజనులో బిగించి, చైను వేశాక ఆ పిన్ను లాగాలి. అప్పుడు కడ్డీ బయటికొచ్చి చైనును నొక్కుతుంది. లాగడం మరిచిపోతే టెన్షనరు ఉన్నట్టే కనబడుతుంది, పని మాత్రం చేయదు. అందుకే ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. లాగిన పిన్నును లాగినట్టే గోడ మీది మేకుకు తగిలించాలి. ఎన్ని టెన్షనర్లు వేశారో అన్ని పిన్నులూ మేకు మీద కనబడితే గానీ ఇంజను ముందు కవరు మూయకూడదు. మామగారు వయసులో ఉన్నప్పుడు కొట్టిన మేకు అది. దాన్ని ఇంట్లో అందరూ గౌరవించేవాళ్లు. ఆడపడుచు కూడా దానికి సంచి తగిలించేది కాదు.

మామగారు అప్పటికే కవరు మూసి బోల్టులు బిగిస్తున్నారు. ఒకటి ఈ మూల, ఒకటి ఆ మూల, మళ్లీ మధ్యలో. ఆమె మేకు వైపు చూసింది. పిన్నులు మూడూ ఉన్నాయి. అందులో ఒకటి వంకరగా ఉంది. జడపిన్ను లేదు. పనిముట్ల పళ్లెంలో వెతికింది. నూనె గుడ్డల కింద వెతికింది. అయస్కాంతం తగిలించిన కర్రతో కారు కిందంతా ఊడ్చింది; రెండు వాషర్లూ, ఒక పాత మరమేకూ దొరికాయి.

"మామయ్యా, ఇక్కడ జడపిన్ను ఏమైనా కనబడిందా? టెన్షనరుకు పెట్టింది?"

ఆయన తల ఊపారు. "మధ్యాహ్నానికి అయిపోతుంది," అన్నారు.

అడిగిందొకటి, చెప్పిందొకటి. మళ్లీ అడగబోయి, తన గొంతునే తిట్టుకుని, వెనక్కి వచ్చేసింది.

మధ్యాహ్నం కూర పొయ్యి మీద ఉండగా షెడ్డులో ఇంజను లేచింది. మెత్తని, బరువైన చప్పుడు. గిన్నెల అలమరలో గ్లాసులు సన్నగా వణికాయి. ఆ చప్పుడు అడుగున ఇంకేదో ఉంది. ఆమె గరిటె పక్కన పెట్టి, పొయ్యి తగ్గించింది. డబ్బాలో గింజలు. ఇదివరకంత గట్టిగా కాదు, ఎవరో డబ్బాను గుడ్డలో చుట్టి ఊపుతున్నట్టు.

గుమ్మంలోకి వచ్చి చూసింది. మామగారు పొడుగు స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డారు. ఈ పని చూడటానికే ఒకప్పుడు జనం వచ్చేవారట. బజారులో ఆయన్ను చెవి మేస్త్రి అంటారు. విప్పకుండా, వినే జబ్బు చెప్పే మనిషి. ఆయన కళ్లు తెరిచి, ఆమెను చూసి, తృప్తిగా నవ్వారు.

"విన్నావా అమ్మాయ్? పట్టులా ఉంది."

ఆమె పొయ్యి ఆర్పి ఫోను అందుకుంది.

*

ఆమె భర్త ఊళ్లో లేడు. నిన్న సాయంత్రం ఒక వ్యాను పక్క ఊళ్లో ఆగిపోయిందని ఫోను వస్తే వెళ్లాడు. దానికి సామాను దొరక్క అక్కడే చిక్కుకున్నాడు. డాబా మెట్ల మీద కూర్చుని ఫోను చేసింది. జడపిన్ను ఏం చేశావని అడిగితే, దాని కోసం ఫోను చేశావా అని నవ్వాడు.

పిన్ను సంగతి ఆమె కళ్లముందే జరిగింది. నిన్న టీ తీసుకెళ్లినప్పుడు కొత్త టెన్షనరును పొట్లంలోంచి తీస్తుంటే దాని పిన్ను చేతిలోకి ఊడివచ్చి, కడ్డీ చటుక్కున బయటికి దూకింది. పిన్ను వంకరపోయింది. అతను అలవాటు కొద్దీ ఆ వంకర పిన్నును మేకుకు తగిలించాడు. టెన్షనరును బల్లకు బిగించిన వైసులో పెట్టి కడ్డీని మెల్లగా లోపలికి అదిమాడు. అడ్డం పెట్టడానికి ఏదైనా కావాలని అటూ ఇటూ చూశాడు. చూపు ఆమె ముడి మీద ఆగింది. ఒక కాలు పటకారుతో పక్కకు మడిచి, రెండోది గుచ్చితే కొలత తీసినట్టు పట్టింది. మీ చెల్లెలు ఊరుకోదని ఆమె అంటే, రేపు లాగి ఇస్తాను, కాలు మడతపడిందని మాత్రం నువ్వే చెప్పుకో అన్నాడు.

"లాగావా మరి?" అంది ఆమె ఇప్పుడు.

"నేనెక్కడ లాగాను, బిగించగానే ఫోను వచ్చింది కదా. నాన్నకు చెప్పే వచ్చాను. చైను వేశాక ఆ పిన్ను లాగు నాన్నా, మేకు మీదున్న వంకరది లెక్కలోకి రాదు అని. జీపు ఎక్కుతూ చెప్పాను."

"అప్పుడు జీపు ఇంజను ఆన్ చేసి ఉందా?"

"ఉంది. అయితే?"

"మామయ్య ఏమన్నారు?"

"ఏమంటారు? తల ఊపారు."

ఆ తల ఊపడం ఆమెకు తెలుసు. పొద్దున బల్ల దగ్గర చూసింది, షెడ్డులో చూసింది. కూర ఇంకాస్త వేయమంటారా అంటే ఊపుతారు, వద్దంటారా అన్నా ఊపుతారు. ఏడాదిగా చూస్తూనే ఉండి, దాన్ని తన గొంతు ఖాతాలో వేసుకుంది.

చప్పుడు వినిపిస్తోందని భర్తతో చెప్పింది. కొత్త చైను కాబట్టి అలా ఉంటుందేమో అన్నాడు. నాన్న విని బావుందన్నాక నువ్వూ నేనూ ఎంత అన్నాడు. నాన్న పని తప్పు పట్టిన వాళ్లు ఇంతవరకు లేరు, నువ్వు మొదలుపెట్టకు, రేపు సాయంత్రం నేను వచ్చి చూస్తానన్నాడు. అతని గొంతులోనూ భయమే ఉంది. అది కారు గురించి కాదని, తండ్రి గురించని ఆమెకు అర్థమైంది. డాక్టరమ్మ రేపు పొద్దున్నే వస్తుందని ఆమె గుర్తుచేసేసరికి ఎవరో అతన్ని పిలిచారు. ఫోను పెట్టేశాడు.

భోజనం అయ్యాక మామగారు కునుకు తీస్తారు. ఆయన గురక మొదలయ్యేదాకా ఆగి, ఆమె చెప్పులు వదిలి షెడ్డులోకి వెళ్లింది. బానెట్టు తెరిచే ఉంది. ఇంజను ఇంకా గోరువెచ్చగా ఉంది. నూనె పోసే రంధ్రానికున్న మూత తిప్పి తీసి, లోపలికి చూసింది. కింద చైను నల్లగా, తడిగా మెరిసింది. దొంగతనానికి వచ్చినట్టు ఒకసారి వెనక్కి చూసుకుంది. ఎవరి ఇంట్లో? తన ఇంట్లోనే. గాజులు తీసి పక్కన పెట్టి రెండు వేళ్లు లోపలికి దించింది. మొన్న మళ్లీ లైటు పట్టుకున్నప్పుడు భర్త ఆమె వేలు పట్టుకుని, అప్పటికే కొత్తగా వేసిన పక్కవైపు చైను మీద పెట్టి నొక్కించాడు. ఆ చైను కదల్లేదు. సరిగ్గా వేసిన చైను ఇలా ఉంటుందని చెప్పాడు.

ఇది కదిలింది. మెత్తగా లోపలికి పోయి, మెత్తగా తిరిగి వచ్చింది. మళ్లీ నొక్కింది. మళ్లీ కదిలింది.

ఆమె వేళ్లు బయటికి తీసుకుని, మూత బిగించి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. కోడలి నల్లని వేళ్ల వైపు చూసింది. అరవలేదు. అరిస్తే బావుండుననిపించింది కోడలికి.

చైను వదులుగా ఉందని, పిన్ను లోపలే ఉండిపోయిందని, రేపు ఈ కారు కొండ ఎక్కకూడదని ఆమె గుసగుసగా చెప్పింది. ఈసారి గట్టిగా చెప్పమని అత్తగారు అనలేదు. ఒక్క మాట పోకుండా వింది.

"ఆయన విని బావుందన్నారుగా," అంది చివరికి.

"అత్తయ్యా, మామయ్యకు వినపడటం లేదు."

అత్తగారు వెనక గదిలోకి ఒకసారి చూసి, గుమ్మం తలుపు దగ్గరగా వేసింది.

"తెలుసు," అంది.

షెడ్డు రేకుల మీద పిట్ట ఏదో గెంతుతున్న చప్పుడు స్పష్టంగా వినబడింది.

"ముందు సన్న చప్పుళ్లు పోయాయి. తర్వాత మాటలు. నాకూ చెప్పలేదు ఆయన, నేనూ అడగలేదు. చెవి మేస్త్రికి చెవులు లేవంటే ఈ గుమ్మం ఎవరు తొక్కుతారు? ఎవరైనా కనిపెట్టేలోగా ఎవరో ఒకరి గొంతు చిన్నది కావాలి. అబ్బాయి గొంతు అందరికీ తెలుసు. నీది కొత్త గొంతు."

ఆ మాటలంటున్నప్పుడు ఆమె కోడలి ముఖం చూడలేదు. స్పానర్లను పొడవు వారీగా సర్దుతూ అంది. కోడలికి కోపం రావలసిన చోటు అదే. బకెట్టుతో మాట్లాడిన రోజులు గుర్తొచ్చాయి కూడా. కానీ కోపం కంటే ముందు ఆ కొండ దారి కనబడింది. మలుపులో పొడుగాటి ముక్కు కారు, స్టీరింగు తిరగక.

డాక్టరమ్మకు ఫోను చేసి ఎల్లుండి రమ్మందాం, ఈలోగా అబ్బాయి వచ్చి ఎవరికీ తెలియకుండా లాగేస్తాడని అత్తగారే ఉపాయం చెప్పింది. ఫోను నేను చేస్తానంది. మామగారి దగ్గర మాత్రం నోరు విప్పనని మాట ఇమ్మంది. కోడలు ఇచ్చింది. మాట ఇచ్చేశాక, ఇచ్చినందుకు కూడా భయం వేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో ప్రతి చప్పుడూ గింజల డబ్బాలాగే వినబడింది. చెంచాల గిన్నె, కిటికీ గొళ్లెం, ఆడపడుచు తాళాల గుత్తి. పిన్ను దొరికిందా వదినా అని ఆడపడుచు అడిగితే చేతిలోని గ్లాసు జారి పగిలింది. "పోనీలే వదినా, పిన్ను కోసం గ్లాసులు పగలగొట్టుకుంటే ఎలా?" అని ఆ పిల్లే చీపురు తెచ్చి ఊడ్చింది.

*

పొద్దున్నే డాక్టరమ్మ ఆటో దిగింది. ఆమె వెనకే వాళ్లమ్మ, చేతికర్ర పట్టుకుని, మెడ కింద పెట్టుకునే చిన్న దిండు చంకలో పెట్టుకుని దిగింది. అమ్మకు పరీక్షలు చేయించాలి, ఇద్దరం కొండ మీదికి పోతున్నామని డాక్టరమ్మ గేటు దగ్గరి నుంచే ఉషారుగా చెప్పింది.

కోడలు అత్తగారి వైపు తిరిగింది. అత్తగారు పొయ్యి మీది పాలు చూస్తున్నట్టు వంగింది.

"ఫోను చేయలేదా అత్తయ్యా?"

"చేద్దామనే తీశాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను? చెయ్యాడలేదు." పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. అత్తగారు గుడ్డ తీసుకోలేదు. "ఏం కాదులే. ఒక్క రోజుకు ఏం కాదు. దేవుడున్నాడు."

షెడ్డులో డాక్టరమ్మ తల్లిని వెనక సీట్లో కూర్చోబెట్టి, దిండు సర్దుతోంది. ముసలావిడ తోలు సీటును అరచేత్తో నిమిరి, ఇది మీ నాన్న కూర్చునే పక్క అంది. మామగారు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చారు. బానెట్టు ఎత్తి, తలుపులోంచి చేయి పెట్టి తాళం తిప్పారు.

రాత్రంతా చల్లబడిన ఇంజను. గింజలు ఈసారి గుడ్డలో లేవు. చప్పుడు గలగలమని మొదలై, సన్నబడి, పోకుండా ఉండిపోయింది.

డాక్టరమ్మ తల ఒకపక్కకు వంచింది. "మేస్త్రిగారూ, ఆ చప్పుడు కొన్నాళ్లు ఉంటుందా?"

మామగారు స్క్రూడ్రైవరు చెవి దగ్గరి నుంచి తీసి, నవ్వి, తల ఊపారు.

"మీరే అన్నాక ఇంకేముంది," అని డాక్టరమ్మ డ్రైవరు సీటు వైపు నడిచింది.

కోడలు టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. ఆగమని చెప్పాలి. ఎవరికి? ఆయన వినరు. డాక్టరమ్మ వింటుంది, వాళ్లమ్మ వింటుంది, గేటు అవతల ఇస్త్రీ బండి వాడు వింటాడు, ఈ పూటతో బజారంతా వింటుంది. వెనక గుమ్మంలో అత్తగారి చూపు వీపు మీద తెలుస్తోంది. కారు తలుపు పడిన చప్పుడైంది. బరువైన తలుపు, మెత్తని చప్పుడు.

ఆమె పళ్లెం నేల మీద పెట్టేసింది. కారు ముందు నుంచి అటు నడిచి, జీవితంలో మొదటిసారి మామగారి మణికట్టు పట్టుకుంది. ఆయన ఉలిక్కిపడి చేయి వెనక్కి లాక్కోబోయారు. ఆమె వదల్లేదు. ఆ చేతిని ఇంజను మీదికి తెచ్చి, కవరు పక్కన, వేళ్లు దింపి చూసిన వైపున ఆనించి, పైన తన అరచేయి పెట్టి నొక్కి పట్టింది.

చేయి పెట్టి చూడటం ఆయన పద్ధతి కాదు. చెవిని నమ్ముకున్న మనిషి చేతిని ఎప్పుడూ అడగలేదు. మొదట ఆయన ముఖంలో కోపం కనబడింది, తర్వాత ఏమిటిదన్న చూపు. తర్వాత ఆయన వేళ్లు ఆమె చేతి కింద తమంతట తాము విచ్చుకుని, కవరు మీద కాస్త ముందుకీ కాస్త వెనక్కీ జరిగి, ఒక చోట ఆగాయి. రేకు కింద ఏదో కొట్టుకుంటోంది. ఆయన ఆమె ముఖంలోకి చూశారు. ఆ చూపులో అంత భయం ఉంటుందని ఆమె అనుకోలేదు. తను ఏడాదిగా భయపడిన మనిషి ఆయనేనా అనిపించింది.

మామగారు డాక్టరమ్మ పక్కకు వెళ్లి, కిటికీలోంచి చేయి పెట్టి తాళం తిప్పి తీసేశారు.

"పని ఇంకా అవలేదమ్మా," అన్నారు. "అమ్మగారిని ఇంకో బండిలో తీసుకెళ్లండి. రేపు రండి."

డాక్టరమ్మ ఏమిటని అడిగింది, సెలవు పెట్టుకుని వచ్చానంది, కాస్త విసుక్కుంది కూడా. ఆయన ఏ ప్రశ్నకూ తల ఊపలేదు. తాళం గుప్పిట్లో పెట్టుకుని, ఆటో వీధి మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డారు.

తర్వాత ఉతికిన చొక్కాతోనే కవరు విప్పడానికి కూర్చున్నారు. కోడలు లైటు పట్టుకుంది. పట్టుకోమని ఎవరూ చెప్పలేదు, పొమ్మనీ చెప్పలేదు. బోల్టులు ఒక్కొక్కటే పళ్లెంలో పడ్డాయి. కవరు లేవగానే నల్లని నూనెలో నల్లని పిన్ను, మడిచిన కాలితో సహా కనబడింది. ఆయన పటకారుతో పట్టుకుని లాగారు. టెన్షనరు లోపలి నుంచి టక్‌మని కడ్డీ దూకింది, వదులు చైను ఒక్కసారిగా నిటారుగా బిగిసింది. ఆయన ఆ చప్పుడు వినలేదు, చైను బిగియడం చూశారు. మరొక పని కూడా చేశారు. పెద్ద స్పానరుతో కింది ఇరుసును చేత్తో మెల్లగా తిప్పి, పళ్లచక్రాల మీది గుర్తులన్నీ మళ్లీ ఎదురెదురుగా వచ్చేదాకా చూసి, పన్ను జారలేదని నిర్ధారించుకున్నాక గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నారు.

మేకు మీది వంకర పిన్నును తీసి, ఆ స్థానంలో జడపిన్నును తగిలించారు. మధ్యాహ్నం భోజనానికి లోపలికి రాలేదు. అత్తగారు కంచం తీసుకెళ్తే, బల్ల మీద పెట్టమని చేత్తో చూపించారట. ఆ చేత్తో చూపించడం చెబుతూ అత్తగారు ఏడ్చింది. మాట ఇచ్చి తప్పావు అని కూడా అంది. ఆ మాట నిజమే.

*

భర్త వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. మేకు మీద జడపిన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. భార్యను పక్కకు పిలిచి, నాన్న ఏమన్నారని మూడు రకాలుగా అడిగాడు. ఏమీ అనలేదంటే నమ్మలేదు. ఏమీ అనలేదంటేనే ఎక్కువ భయం అన్నాడు. షెడ్డు మూసేస్తారేమో అన్నాడు. తనను వేరే చోట పని చూసుకోమంటారేమో అన్నాడు. ఆమె అనుకున్నవి ఆమె బయటికి చెప్పలేదు. తన చేయి ఆయన మణికట్టు మీద పడిన ఆ క్షణాన్ని పగలంతా తలుచుకుంటూనే ఉంది. ఆయన ఇక తనతో మాట్లాడరేమో, తను వడ్డిస్తే తినరేమో అనుకుంది.

అందరూ భోజనానికి కూర్చున్నారు. మామగారు స్నానం చేసి వచ్చారు, గోళ్ల సందుల్లో నలుపు మాత్రం అలాగే ఉంది. కోడలు వడ్డించింది. ఆయన తిన్నారు. ఆడపడుచు ఒకసారి అన్ననూ, ఒకసారి వదిననూ చూసి, నోటిదాకా వచ్చిన తమాషా మాటేదో మింగేసింది.

కొడుకే ఉండబట్టలేకపోయాడు. "నాన్నా, జీపు ఎక్కుతూ నేను చెప్పాను కదా, ఆ పిన్ను..."

"చెప్పే ఉంటావు," అన్నారు మామగారు. ఆ గొంతు గదికి సరిపడనంత గట్టిగా ఉంది. "నాకు వినపడలేదు."

అత్తగారి చేతిలో గరిటె ఆగింది.

"నీ మాటే కాదు. ఎవరి మాటా సరిగా వినపడటం లేదు. చాలా రోజులైంది. కోడలి గొంతులో ఏమీ లేదు. అమ్మాయిని ఎవరూ మళ్లీ ఆ మాట అనొద్దు." ఒక ముద్ద తిని, నీళ్లు తాగి, గ్లాసు పెట్టారు. "రేపు డాక్టరమ్మకు కారు ఇచ్చేటప్పుడు ఏం జరిగిందో నేనే చెబుతాను. చెప్పి, అక్కడి నుంచే చెవుల డాక్టరు దగ్గరికి పోతాను."

"నేను వస్తాను," అంది అత్తగారు. ఆయన ఆమె పెదవులనే చూస్తున్నారు.

"నువ్వొద్దు. నాకు అన్నీ వినపడుతున్నాయని ఊరందరినీ నమ్మించింది నువ్వే. అక్కడ కూడా అదే చెబుతావు." ఆ మాటలో కోపం లేదు. ఆమె పక్కనున్న కూర గిన్నెను దగ్గరికి జరుపుకుని, తనే కొంచెం వడ్డించుకున్నారు. "కోడలు వస్తుంది. డాక్టరు చెప్పింది నాకు చెప్పాలి. ఇకమీదట షెడ్డులోంచి ఏ బండి బయటికి వెళ్లాలన్నా ముందు తను వింటుంది, తర్వాత నేను చేయి పెట్టి చూస్తాను. ఇద్దరం సరే అంటేనే తాళం."

కొడుకు తల దించుకున్నాడు. ఆడపడుచు మెల్లగా, నా పిన్ను మాట ఇక అడగనులే వదినా అంది. ఎవరూ నవ్వలేదు గానీ గదిలో గాలి కొంచెం కదిలినట్టయింది.

మామగారు కోడలి వైపు తిరిగారు. "వస్తావా?"

"వస్తాను మామయ్యా," అంది ఆమె. గొంతు పెంచలేదు. తనకున్న గొంతుతోనే అంది.

ఆయన మెడ అలవాటు కొద్దీ కదలబోయి, మధ్యలో ఆగింది.

"వినపడలేదమ్మా," అన్నారు. "మళ్లీ చెప్పు."